గేర్ రాడ్ పొట్టి చేయించే ముందు, చేయించేటప్పుడు

తిరుపతిలో లేత్ మిషన్ పెట్టుకున్నవాడి దగ్గరికి మోటారు షాఫ్టులు, ట్రాక్టర్ పిన్నులు, బోరు పైపుల కప్లింగులు రావడం మామూలే. ఈ మధ్య కార్ల గేర్ రాడ్‌లు కూడా వస్తున్నాయి. తెచ్చేది ఎక్కువగా ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు. పాత మారుతి 800 గానీ, సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్ గానీ కొని, రాడ్ ఊడదీసి చేత్తో పట్టుకొని వస్తారు. "అన్నా, సగానికి కోసెయ్‌నా. గేరు టక్కున పడాల" అంటారు.

రాడ్ ఒక్కటే తెస్తే నేను కోయను. బండి తీసుకురమ్మంటాను. ఎందుకంటే గేరు దూరంగా పడుతోందని వచ్చిన బండ్లలో చాలావాటికి రాడ్ పొడవు సమస్యే కాదు, కింద బుష్‌లు, అంటే పిన్నులు తిరిగే చోట ఉండే చిన్న గొట్టాలు, అరిగిపోయి ఉంటాయి. అరిగిన బుష్‌ల మీద పొట్టి రాడ్ పెడితే గేరు పొట్టిగా పడదు, బరువుగా పడుతుంది, పైగా ఎక్కడ పడిందో తెలియదు.

కాబట్టి మొదటి పని కొలత. ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ లాగి, చక్రాలకు అడ్డం పెట్టండి. క్లచ్ తొక్కి మూడో గేరు వేయండి. పక్కన ఒక అట్టముక్క నిలబెట్టి నాబ్ (రాడ్ పైనున్న పిడి) మధ్యభాగం ఎక్కడుందో పెన్నుతో గీయండి. నాలుగో గేరులోకి లాగి మళ్ళీ గీయండి. ఈ రెండు గీతల మధ్య దూరమే మీ బండి త్రో. ఇప్పుడు గేరులోనే ఉంచి, బలం పెట్టకుండా రెండు వేళ్ళతో నాబ్‌ను ముందుకీ వెనక్కీ కదపండి. ఏ అడ్డమూ తగలకుండా అది ఎంత దూరం ఊగుతుందో అదంతా లూజు. త్రో 140 మిల్లీమీటర్లు వచ్చి అందులో లూజే 25, 30 ఉందంటే మీకు రాడ్ కోయాల్సిన అవసరం లేదు. బుష్ కిట్ వేయించుకుంటే చాలు. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

మారుతి 800, పాత ఆల్టో, జెన్, ఎస్టీమ్ లాంటి బండ్లలో గేర్ రాడ్ కింద నుంచి గేర్‌బాక్స్ దాకా ఒక ఇనుప లింకు రాడ్ పోతుంది. దాని రెండు చివర్లా బుష్‌లు, పిన్నులు ఉంటాయి. ఇది చూడాలంటే బండి కిందికి దూరాలి. ర్యాంపు మీదనో, గుంత మీదనో చూడండి. ఒట్టి జాకీని నమ్ముకొని బండి కింద పడుకోకండి, స్టాండ్లు తప్పనిసరి. పైన ఒకరు రాడ్‌ను మెల్లగా కదుపుతుంటే కింద ఉన్నవాళ్ళు చూడాలి. పైన రాడ్ కదలడం మొదలైనా కింద లింకు ఇంకా కదలకపోతే ఆ మధ్యలో ఉన్న బుష్ పోయినట్టే. ఊడదీసి చూస్తే తెలిసిపోతుంది: గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చి ఉంటుంది, పిన్ను నడుము దగ్గర సన్నబడి ఉంటుంది, గ్రీజు ఉండాల్సిన చోట తుప్పూ దుమ్మూ కలిసి ఎర్రటి పొడి రాలుతుంది. అలాంటప్పుడు కొత్త బుష్ ఒక్కటే వేసి పాత పిన్ను ఉంచేస్తే డబ్బులు దండగ. పిన్ను కూడా మార్చాలి. కంపెనీది దొరక్కపోతే నైలాన్ రాడ్ నుంచి లేత్ మీద బుష్ తిప్పించుకోవచ్చు. లోపలి కొలత పిన్నుకు పట్టీపట్టనట్టు కాకుండా, చేత్తో నొక్కితే దిగేంత బిగువుగా ఉండాలి.

బుష్‌లతో పాటు ఇంకో మూడు చూడండి. గేర్‌బాక్స్ మౌంటింగ్ రబ్బరు పగిలిందా? క్లచ్ పూర్తిగా విడుదలవుతోందా? గేర్ ఆయిల్ ఎప్పుడు మార్చారు? క్లచ్ సగం పట్టుకునే ఉంటే ఎంత మంచి రాడ్ పెట్టినా ఫస్టు, రివర్స్ గరగరమంటాయి. ఆయిల్ మాత్రం బండి పుస్తకంలో రాసిన గ్రేడే పోయండి. చిక్కటిది పోస్తే గేరు మెత్తగా పడుతుందని చెప్పేవాళ్ళ మాట వినకండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి, అయినా పొట్టి త్రో కావాలంటే, అప్పుడు లెక్కలోకి వద్దాం.

గేర్ రాడ్ ఒక గుండు మీద తిరుగుతుంది. గుండు నుంచి నాబ్ దాకా ఉన్నది పై భాగం, గుండు నుంచి కింద లింకు తగిలే బోల్టు దాకా ఉన్నది కింది భాగం. ఉదాహరణకు పైన 280, కింద 70 మిల్లీమీటర్లు అనుకుందాం. అంటే నాలుగుకు ఒకటి. నాబ్ 140 కదిలితే కింద 35 కదులుతుంది. గేర్‌బాక్స్‌కు కావాల్సింది ఆ 35. అది తగ్గదు, మీరు ఏం చేసినా తగ్గకూడదు. పై భాగం 40 కోసి 240 చేశామనుకోండి. ఇప్పుడు నాబ్ 120 కదిలితే చాలు, ఆ 35 వచ్చేస్తుంది. త్రో 14 శాతం తగ్గింది. కానీ చేతి బలం 17 శాతం పెరిగింది. గడ్డపారను కురచగా పట్టుకొని బండ లేపినట్టే ఇది, దూరం మిగిలితే బరువు మీద పడుతుంది. ఆ పిల్లలు అడిగినట్టు సగానికి, అంటే 140కి కోస్తే త్రో 70కి వస్తుంది, బలం రెండింతలు పెట్టాలి. పొద్దున చల్లటి ఇంజన్‌తో ఫస్టు నుంచి సెకండుకు మార్చేటప్పుడు ఆ రెండింతలంటే ఏమిటో తెలుస్తుంది.

నా లెక్కలో పై భాగంలో ఏడో వంతు మించి కోయకూడదు. పైన చెప్పిన కొలతలకు ఆ 40 మిల్లీమీటర్లే హద్దు. అది చాలదనిపిస్తే ఇంకా కోయడం కాదు, కింది భాగాన్ని పొడిగించడం గురించి ఆలోచించాలి.

కోసే ముందు ఒక పరీక్ష ఉంది, దీనికి ఖర్చు లేదు. నాబ్ కింద, కోయాలనుకున్నంత దిగువన రాడ్ మీద ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు చుట్టండి. బండి ఆగి ఉన్నప్పుడు నాబ్‌ను కాకుండా ఆ టేపు దగ్గర పట్టుకొని గేర్లన్నీ మార్చి చూడండి. కొత్త బరువు ఇదే. చేతికి అందుతోందా, ఫస్టు, థర్డు, ఫిఫ్తు వేసేటప్పుడు వేళ్ళు డాష్‌బోర్డుకు తగులుతున్నాయా, సీటు ముందుకు జరిపే వాళ్ళ మోచేయి హ్యాండ్ బ్రేకుకు కొట్టుకుంటోందా, అన్నీ ఇక్కడే తేలిపోతాయి. ఇంట్లో ఇంకెవరైనా ఆ బండి నడుపుతుంటే వాళ్ళను కూడా కూర్చోబెట్టండి. ఈ పరీక్ష అయ్యాక సగం మంది 40 కాదు, 25 చాలంటారు.

కోయడానికి రాడ్‌ను బండిలోంచి బయటికి తీయాల్సిందే. బండిలోనే గ్రైండర్ పెట్టి కోస్తే నిప్పురవ్వలు సీటుకూ కార్పెట్‌కూ అంటుకుంటాయి, ఇనుప పొడి గుండు కప్పులో పడి దాన్ని తినేస్తుంది. బెంచి వైస్‌లో రాడ్‌కు రెండు పక్కలా అల్యూమినియం ముక్కలు పెట్టి బిగించండి. అంగుళానికి 24 పళ్ళున్న హ్యాక్సా బ్లేడుతో కోయండి. కోసిన చివరను ఆకురాయితో చుట్టూ ఏటవాలుగా అరగదీయాలి, లేకపోతే డై, అంటే థ్రెడ్ కోసే పనిముట్టు, నిలువుగా కూర్చోదు.

పాత థ్రెడ్ కోసిన ముక్కతో పాటే పోతుంది కాబట్టి కొత్తది వేయాలి. నాబ్ థ్రెడ్ ఏ సైజో ఊహించకండి, థ్రెడ్ గేజ్ పెట్టి చూడండి. కోసిన ముక్కను పారేయకుండా దాని మీదే కొలవచ్చు. 10 మిల్లీమీటర్ల థ్రెడ్ అయితే రాడ్‌ను 9.8, 9.9 దాకా తగ్గించి డై వేయాలి. రాడ్ నిటారుగా ఉంటే లేత్ చక్‌లో పట్టించి తగ్గించవచ్చు. వంపు ఉన్న రాడ్ చక్‌లో తిరగదు, దాన్ని వైస్‌లో పెట్టి ఆకురాయితో ఓపికగా తగ్గించాల్సిందే. డై తిప్పేటప్పుడు ఆయిల్ వేస్తూ, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. వెనక్కి తిప్పినప్పుడు పొట్టు తెగిన చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు రాకుండా బరువెక్కుతుంటే ఆపి శుభ్రం చేయండి. మొదటి రెండు చుట్లు పక్కకు పోతే నాబ్ జీవితాంతం వంకరే. థ్రెడ్ పొడవు పాతదానికి సమానంగా ఉంచి, నాబ్ కింద ఒక లాక్ నట్ వేయండి.

కోయకూడని రాడ్‌లు ఉన్నాయి. నాబ్ కింద రింగు పైకి లాగి రివర్స్ వేసే బండ్లలో, ఆ రింగుకు సంబంధించిన కమ్మీ గానీ వైరు గానీ రాడ్ పొడవునా కిందికి దిగుతుంది. కోశారంటే రివర్స్ లాకు పోతుంది. నడుస్తున్న బండిలో చెయ్యి పొరపాటున రివర్స్ వైపు పోయినా ఆపేది ఉండదు. లోపల రబ్బరు పెట్టి రెండు పొరలుగా చేసిన రాడ్‌లు ఇంకో రకం. అదురు చేతికి రాకుండా కంపెనీవాళ్ళు అలా చేస్తారు. పైన కోస్తే రబ్బరు, బయటి పైపు విడిపోతాయి. వంపు నాబ్‌కు దగ్గరగా మొదలయ్యే రాడ్‌లలో కోయడానికి చోటే ఉండదు.

ఇక కింది భాగం. 70ని 80 చేస్తే పైన ఏమీ కోయకుండానే త్రో 140 నుంచి 122కి వస్తుంది, బలం 14 శాతం పెరుగుతుంది. నాబ్ ఎత్తు మారదు, చేతికి అలవాటైన చోటే ఉంటుంది. నాకు నచ్చే పద్ధతి ఇదే, కానీ పని ఎక్కువ. కింద 10 మిల్లీమీటర్లు పెరిగాక ఆ బోల్టు సైలెన్సర్ పైపుకు గానీ, కింది రేకుకు గానీ తగులుతుందేమో అన్ని గేర్లలో చూడాలి. లింకు రాడ్ కూడా కాస్త కిందికి వాలుతుంది.

ఈ పొడిగింపుకు పాత రాడ్ చివర ఒక ముక్క పెట్టి వెల్డింగ్ చేయించడం చాలామంది చేసే పని. దానికి నేను ఒప్పుకోను. అంచుకు అంచు ఆనించి పెట్టిన వెల్డింగ్ చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, కానీ గేరు మార్చిన ప్రతిసారీ ఆ అతుకు మీదే వంపు పడుతుంది. పైగా వేడికి గుండు కప్పులోని నైలాన్ కరిగిపోతుంది. పాత రాడ్‌ను నమూనాగా పెట్టుకొని ఈఎన్8 రకం ఉక్కు రాడ్ నుంచి కొత్తది ఒక్క ముక్కగా తిప్పించుకోండి. పాతది చెక్కుచెదరకుండా ఇంట్లో ఉంటుంది. నచ్చకపోతే ఒక మధ్యాహ్నంలో మళ్ళీ పాతదే బిగించుకోవచ్చు. ఏ వెల్డింగైనా బండి మీద ఉండగా మాత్రం చేయించకండి, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ఉన్న బండ్లకు అది మరీ ప్రమాదం.

స్విఫ్ట్, ఐ10, ఐ20 లాంటి బండ్లలో లింకు రాడ్‌కు బదులు రెండు కేబుళ్ళు ఉంటాయి. ఒకటి ముందుకూ వెనక్కూ, రెండోది పక్కలకు. ఇక్కడ గేర్‌బాక్స్ పైన చేయిలా ఉండే లివర్ మీద కేబుల్ తగిలే చోటును లోపలికి జరిపితే త్రో తగ్గుతుంది. ఆ చేయి 60 మిల్లీమీటర్లుంటే 50 దగ్గర తగిలిస్తే నాబ్ ఆరో వంతు తక్కువ కదులుతుంది, బలం ఐదో వంతు పెరుగుతుంది. ముందుకూ వెనక్కూ పోయే కేబుల్‌కే ఈ పని చేయాలి. పక్కల కేబుల్ జోలికి పోతే ఏ గేరు ఎక్కడుందో తెలియక రెండోదీ నాలుగోదీ కలిసిపోతాయి. ఐదులోంచి నాలుగు అనుకొని రెండు వేస్తే, 90లో పోతున్న బండి ఇంజన్ ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. న్యూట్రల్‌లో కేబుల్‌కూ ఆ చేతికీ మధ్య కోణం మునుపు ఎలా ఉందో అలాగే ఉండాలి. కొన్ని బండ్లలో ఆ చేతికి ఒక బరువు దిమ్మ ఉంటుంది, దండగ ఇనుము అనుకొని కోసిపారేస్తుంటారు. గేరు మెత్తగా దిగేది దానివల్లే.

బొలేరో, సుమో, జిప్సీ లాంటివాటిలో రాడ్ నేరుగా గేర్‌బాక్స్ లోపలికే దిగుతుంది. పైన కోయవచ్చు. కింది చివరను ముట్టుకోకండి.

బొలేరో అంటే గుర్తొచ్చింది. పొట్టి చేయమనేవాళ్ళే కాదు, పొడుగు చేయమనేవాళ్ళూ వస్తారు. రోజూ కొండకు ట్రిప్పులు కొట్టే ఒక పెద్దాయన పిల్లల రాడ్‌లు చూసి, "నాయనా, నాకు రెండించులు పొడుగు చెయ్యి. సాయంత్రానికి భుజం పీకుతా ఉంది" అన్నాడు. ఆయన లెక్క కరెక్టు. రోజంతా గేర్లు మార్చేవాళ్ళకు కావాల్సింది తేలిక. అలాంటి బండికి పొట్టి రాడ్ ఎవరు చెప్పినా పెట్టించకండి.

ఇంకో మాట కూడా ముందే తెలుసుకోండి. గేరు పడే వేగాన్ని నిర్ణయించేది రాడ్ కాదు. గేర్‌బాక్స్‌లో సింక్రో అనే ఇత్తడి రింగు గేరుకు రుద్దుకొని, రెండింటి వేగం సమానం చేశాకే గేరు లోపలికి దిగుతుంది. దానికి పట్టే సమయం దానిది. పొట్టి రాడ్‌తో చెయ్యి తొందరగా అక్కడికి చేరుతుంది, అంతే. చేరాక ఆ క్షణం ఆగకుండా బలంగా తోస్తే రింగు అరుగుతుంది. సెకండు వేసేటప్పుడు గర్రుమంటే రింగు అప్పటికే అరిగిందని అర్థం. ఆ బండికి పొట్టి రాడ్ వద్దు.

నాబ్ మార్చాలనుకునేవాళ్ళకు ఒక సలహా. బరువైన స్టీలు నాబ్ పెడితే ఆ బరువుకే గేరు సాఫీగా దిగినట్టు అనిపిస్తుంది, అది నిజమే. కానీ మే నెల మధ్యాహ్నం అలిపిరి దగ్గర ఎండలో బండి ఆపి, గంట తర్వాత వచ్చి ఆ నాబ్ పట్టుకోండి. మన ఊరికి నైలాన్ నాబే మేలు.

బిగించేటప్పుడు గుండుకూ కప్పుకూ కొత్త గ్రీజు పెట్టండి, స్ప్లిట్ పిన్నులు, క్లిప్పులు పాతవి మళ్ళీ వాడకండి. పైన రబ్బరు బూటు వేశాక అన్ని గేర్లూ ఒకసారి వేసి చూడండి. గేరు చివరిదాకా పోయి గేర్‌బాక్స్ లోపలి అడ్డానికి ఆగాలి. కన్సోల్ అంచుకో, బిగుసుకుపోయిన బూటుకో తగిలి ఆగితే గేరు పూర్తిగా పడనట్టే. అది ఇంటి ముందు తెలియదు, ఘాట్‌లో తెలుస్తుంది.

ఇక పరీక్ష. ముందు ఇంజన్ ఆపి, తర్వాత ఇంజన్ ఆన్ చేసి క్లచ్ తొక్కి, నిలబడిన చోటే అన్ని గేర్లూ. ఆ తర్వాత తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద. థర్డులో పోతూ యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కి వదలండి, రాడ్ దానంతటది కదిలితే, గేరు జారితే ఇంటికి తిరిగి రండి. ఇవన్నీ దాటాకే కొండ. మన తిరుమలకు ఎక్కే దారి 1974లో వేసింది, దిగేది 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు. దిగేటప్పుడు మలుపుల మీద మలుపులు. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని దేవస్థానం వాళ్ళ నిబంధన కూడా ఉంది, ఎక్కడానికి 28. ఆ 40 నిమిషాలూ బ్రేకుల మీద భారం పడకుండా బండిని పట్టుకునేది సెకండు గేరే. అది మలుపులో జారి న్యూట్రల్‌లోకి వస్తే ఏమవుతుందో ఆలోచించండి. చిత్తూరు నుంచి పలమనేరు పోయే మొగిలి ఘాట్‌కైనా, మదనపల్లె దారిలోని భాకరాపేట ఘాట్‌కైనా ఇదే మాట. కొత్త రాడ్‌తో మొదటిసారి ఘాట్ ఎక్కేటప్పుడు కుటుంబాన్ని తీసుకుపోకండి. పక్కన ఒక్కరు చాలు.

చట్టం సంగతి చాలామంది అడుగుతారు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడాగా మారేలా బండిని మార్చకూడదంటుంది. గేర్ రాడ్ పొడవు ఆర్సీలో రాసే వివరం కాదు. అయితే వారంటీలో ఉన్న బండి గేర్‌బాక్స్‌కు ఏదైనా అయితే, మీ పొట్టి రాడ్ చూపించి కంపెనీ చేతులెత్తేయవచ్చు. వారంటీ అయ్యేదాకా ఆగండి.

బిగించిన తర్వాత 500 కిలోమీటర్లకు లాక్ నట్టు, కింది బోల్టు మళ్ళీ పానా పెట్టి చూడండి. మొదట్లో చేసిన ఆ అట్టముక్క కొలతను దాచుకొని, ఆర్నెల్లకోసారి అదే పద్ధతిలో లూజు కొలవండి. బలం పెరిగింది కాబట్టి బుష్‌లు మునుపటికంటే తొందరగా అరుగుతాయి. లూజు 10 మిల్లీమీటర్లు దాటితే బుష్‌లు మార్చే టైము వచ్చినట్టే. బండి అమ్మేటప్పుడు పాత రాడ్ కూడా ఇచ్చేయండి, కొన్నవాళ్ళకు పొడుగే కావాలనిపించవచ్చు.